గొంతు ఆగితే చెయ్యి ఆగాలి

క్రేన్ ఎక్కేవాడు ఆకలిని, దాహాన్ని, ఒంటికి రెంటికి వెళ్ళే అవసరాన్ని భూమ్మీదే వదిలిపెట్టి ఎక్కాలి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ ఉండదు. రెండు వందల పది ఇనుప మెట్లు ఎక్కి, కాళ్ళు చాపుకోవడానికి కూడా చోటు లేని అద్దాల గదిలో పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా కూర్చునేవాడికి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. మధ్యలో దిగి మళ్ళీ ఎక్కాలంటే ముప్పావుగంట పడుతుంది. ఆ ముప్పావుగంటా కింద వందమంది చేతులు కట్టుకుని, తలలెత్తి, వాడి పొట్టని తిట్టుకుంటూ ఉంటారు.

మన ఆపరేటరు ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా ఆ తిట్లు తినలేదు. అది అతని గొప్ప. ఇరవై అంతస్తుల ఆఫీసు భవనం కడుతున్న ఆ సైటులో అందరూ అతన్ని "పైవాడు" అనేవారు. సామాను ఆలస్యమైతే "పైవాడి దయ ఇంకా కలగలేదు" అని, వేళకొస్తే "పైవాడు చల్లగా చూశాడు" అని వేళాకోళమాడేవారు. అతను పైకి విసుక్కునేవాడు గాని లోపల్లోపల మురిసిపోయేవాడు. యాభై మూడేళ్ళ మనిషికి ఉద్యోగం చేసేచోట దేవుడి పేరు పెడితే మురిసిపోక ఏం చేస్తాడు?

నాలుగేళ్ళ కిందట ఆ దేవుడికి షుగర్ అని తేలింది. డాక్టరమ్మ రెండు రకాల బిళ్ళలు రాసింది. చిన్న పచ్చ బిళ్ళ పొద్దున ఫలహారానికి ముందు. పెద్ద తెల్ల బిళ్ళ రెండు పూటలా తిండితో పాటు. "పచ్చది వేసుకున్నాక తినకుండా మాత్రం ఉండకండి" అని రెండుసార్లు చెప్పింది కూడా. మనవాడు రెండుసార్లూ తలూపాడు. తలూపడానికి ఏం పోయింది?

తెల్ల బిళ్ళతో మాత్రం అతనికి మొదట్నుంచీ పేచీయే. వేసుకున్న గంటకల్లా కడుపులో గుడగుడలు మొదలయ్యేవి. భూమ్మీద ఉండేవాడికి అది చిన్న ఇబ్బంది. అద్దాల గదిలో ఉండేవాడికి అది చావుబతుకుల సమస్య. ఒక రోజు ఒంటిగంట సైరన్ మోగడానికీ, అతను ఆఖరి మెట్టు దిగడానికీ మధ్య పట్టిన సమయం ఆ సైటులో ఇప్పటికీ రికార్డు. ఆ సాయంత్రమే అతను తెల్ల బిళ్ళ మానేశాడు. ఇంట్లో చెప్పలేదు, డాక్టరమ్మకీ చెప్పలేదు. వాడని బిళ్ళల అట్టలు పనిముట్ల పెట్టె అడుగున దాచాడు.

మూడు నెలలు గడిచాయి. పొద్దున్నే పరగడుపున వేలు పొడిచి చూసుకుంటే అంకె వారం వారం పైకెక్కుతోంది. ఇంకో ఇరవై రోజుల్లో ఏడాదికోసారి చేసే వైద్య పరీక్ష. అందులో అంకె హద్దు దాటితే క్రేన్ దిగాలి, గోడౌను తలుపు దగ్గర స్టూలేసుకుని కూర్చోవాలి. ఆ స్టూలు తలుచుకుంటేనే అతనికి ముద్ద దిగేది కాదు. అందుకని తనకి తనే వైద్యుడయ్యాడు. తెల్లది తగ్గించాల్సినదాన్ని పచ్చది తగ్గించదా, ఏ బిళ్ళైనా బిళ్ళేగా అనుకుని పచ్చది ఒకటికి రెండు వెయ్యడం మొదలుపెట్టాడు. వేసి, చక్కెర లేని టీ ఒకటి తాగి, భార్య కట్టిచ్చిన ఫలహారం డబ్బా సీటు పక్కన ముట్టకుండా పెట్టుకునేవాడు. కడుపు నిండితే పైన కూర్చోవడం కష్టమని మధ్యాహ్నం దాకా మూత తీసేవాడు కాదు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ మందు వేసిందీ, నాలుక పోగొట్టుకోబోయిందీ ఒక్కడే.

పదింటికల్లా చెమటలు పట్టేవి. అద్దాల మీద ఎండ కదా అనుకునేవాడు. చేతులు వణికేవి. వయసు కదా అనుకునేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాడికి నాలుగో కాలు చూపించడం ఎవరి తరం?

చూపించిన మనిషి ఒకామె ఉంది. ఆమె కింద సిగ్నల్ ఇచ్చే అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. నారింజరంగు చొక్కా, చేతిలో వాకీటాకీ సెట్టు. అతను ఆమెకి పెట్టిన పేరు వాగుడుకాయ. ఆ పేరులో ఆమె తప్పు సగమే. మిగతా సగం ఆ పనిదే. క్రేన్ మీంచి అన్నీ కనపడవు. లిఫ్టు కోసం ఎత్తుగా కట్టిన గోడ వెనక సామాను దించాలంటే ఆపరేటరు గుడ్డివాడే, కిందివాళ్ళ గొంతే అతని కళ్ళు. అందుకే సామాను దిగుతున్నంతసేపూ సిగ్నల్ మనిషి నోరు ఆగకూడదు. దించు, దించు, దించు అని అంటూనే ఉండాలి. సెట్టు పాడైపోవచ్చు, మనిషే పడిపోవచ్చు. కారణం ఏదైనా గొంతు ఆగిందంటే పైన చెయ్యి ఆ క్షణమే ఆగాలి. ఆ పనిలో నేర్పే మొదటి పాఠం అదే.

పని లేనప్పుడు కూడా ఆమె ఆగేది కాదు. తన పిల్లి గురించి, బస్సులో గొడవల గురించి, పోయిన తన అమ్మ గురించి చెబుతూనే ఉండేది. అతను "అబ్బ, చెవులు చిల్లులు పడుతున్నాయమ్మాయ్" అని సెట్టు వాల్యూమ్ తగ్గించేసేవాడు. ఆమె "వాల్యూమ్ తగ్గించావు కదూ బాబాయ్? నాకు తెలుసులే" అనేది. ఆ మాటా అతనికి వినపడేది కాదు.

పరీక్షకి తొమ్మిది రోజులుందనగా, ఆ రోజు పదిన్నరకి, పన్నెండో అంతస్తు పైకప్పు మీదికి ఇనుప చువ్వల మోపు దించుతున్నాడు. లిఫ్టు గోడ వెనక వైపు. "దించు, దించు, దించు" అంటోంది ఆమె. నడుమెత్తున ఉండగా మేస్త్రి చెయ్యెత్తాడు. "ఆపు" అంది ఆమె, ఆ తర్వాత నోరు మూసింది.

గొంతు ఆగింది. మోపు మాత్రం ఆగలేదు.

కింద ఉన్నవాళ్ళకి ముందు అర్థం కాలేదు. ఇరవై ఆరేళ్ళలో అలా జరగలేదు మరి. మోపు ఒక కొన నేలకి తగిలింది, అంతలోనే మోపంతా జివ్వున గోడకంటే పైకి లేచి, అవతలి పక్కకి ఊగింది. "బాబాయ్, ఆపు, ఆపు!" అని అరిచిందామె.

"ఎవరికి నేర్పుతున్నావే? నోర్మూసుకుని పడుండు!" అన్నాడతను.

ఆ మాట ఛానల్ మీద ఉన్న అందరూ విన్నారు. పైవాడు విసుక్కుంటాడు, వెక్కిరిస్తాడు గాని ఆడపిల్లని "ఏమే" అన్నవాడు కాదు. చువ్వల మేస్త్రి మొహం ఎర్రబడింది. ఆమెకి మాత్రం కోపం రాలేదు. ఆ గొంతు ఆమెకి తెలుసు. నాలిక మడతపడుతూ, ఊరికే కోపగించుకునే ఆ గొంతు వాళ్ళమ్మది. షుగర్ బిళ్ళ వేసుకుని అన్నం మరిచిపోయిన సాయంత్రాల్లో వాళ్ళమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేది.

"బాబాయ్, పొద్దున ఏం తిన్నావు?"

"తింటే ఏంటి, తినకపోతే ఏంటి..."

ఆ తర్వాత జరిగింది అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. అద్దాలన్నీ పాలు ఒలికినట్టు తెల్లగా అయిపోయాయి. చేతులు తనవి కావు. ఎక్కడో దూరంగా, ఒక చెయ్యి బార్లా చాపి నిలబడ్డ చిన్న నారింజరంగు బొమ్మ. ఆ బొమ్మ చెయ్యి కదలడం లేదు కాబట్టి తన చేతులు కూడా కదలకూడదేమో అని ఎందుకో అనిపించింది. చెవిలో ఆమె గొంతు ఒక్కటే తెగకుండా వస్తోంది.

"రెండు చేతులూ మీటల మీంచి తియ్యి. తీశావా? ఇప్పుడు ఎర్ర బటన్ నొక్కు. ఎర్రది బాబాయ్, నీ కుడిచేతి పక్కన. నొక్కు. భేష్. ఇప్పుడు సీటు వెనక్కి చెయ్యి పెట్టు. రెండో షిఫ్టు ఆయన చక్కెర పొట్లాల డబ్బా ఉంటుంది, నేనేగా వారం వారం పంపేది. తీశావా? మూడు చింపి నోట్లో పోసుకో. నీళ్ళతో మింగు. మింగావా? మింగానని చెప్పు. నాకు వినపడాలి."

"మింగా."

రెండో షిఫ్టు ఆపరేటరు తాగేది టీ కాదు, పాకం. ఆ చక్కెర డబ్బా చూసినప్పుడల్లా మనవాడు "చీమలు కూడా నిన్ను చూసి సిగ్గుపడతాయిరా" అని వెక్కిరించేవాడు. ఆ పూట ఆ డబ్బాయే అతని ప్రాణం నిలబెట్టింది.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు ఆమె ఆపకుండా వాగింది. పిల్లి గురించి చెప్పింది, బస్సు గురించి చెప్పింది, మధ్యలో ఇంకో పొట్లం వేయించింది. కళ్ళు మూతలు పడితే "పడుకున్నావంటే పైకొచ్చి తంతాను" అంది. బిస్కెట్లు, బెల్టు తీసుకుని ఇద్దరు మనుషులు పైకి ఎక్కి వచ్చేసరికి అద్దాలు మళ్ళీ అద్దాల్లా కనిపిస్తున్నాయి. వాళ్ళు బెల్టు కట్టి, మెట్టు మెట్టుకీ ఆపుతూ దించి, అంబులెన్సు ఎక్కించారు. పచ్చ బిళ్ళ పని ఒక గంటలో తీరేది కాదట, చక్కెర మళ్ళీ పడిపోవచ్చట. అందుకని ఆస్పత్రిలో మర్నాటి దాకా ఉంచేసుకున్నారు.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ వచ్చేసరికి అతని భార్య మంచం పక్కన కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తెల్ల బిళ్ళల అట్టలు. ఒక్క బిళ్ళ కూడా వాడనివి.

"ఎక్కడ దొరికాయే?" అన్నాడతను, నీరసంగా.

"స్పానర్ల కింద. ఇన్నాళ్ళకి మీ పెట్టె తెరిచాను. స్పానర్లకి కూడా షుగర్ వచ్చిందేమో అనుకున్నా." నవ్వబోయిందిగాని నవ్వు రాలేదు. చీరచెంగుతో మొహం తుడుచుకుంది. "నాకు ఒక్క మాట చెప్పాల్సింది కదండీ."

వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా అబద్ధమాడకూడదంటారు. ఆ రోజు అతను మొదటిసారి ఆ మాట ప్రకారం నడిచాడు. గుడగుడల దగ్గర్నుంచి స్టూలు దాకా, పచ్చ బిళ్ళ రెట్టింపు చేసిన సంగతి దాకా అంతా చెప్పేశాడు. డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఒంట్లోకి చక్కెర రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మీరు తినే తిండి. రెండోది మీ కాలేయం సొంతంగా తయారుచేసి వదిలేది. రాత్రంతా ఏమీ తినకుండా పడుకున్నా మనం పొద్దున్న లేస్తున్నామంటే అది దాని పుణ్యమే. మీ జబ్బులో ఏమవుతుందంటే, దానికి ఎక్కడ ఆపాలో తెలియదు. అక్కర్లేకపోయినా వదులుతూనే ఉంటుంది. తెల్ల బిళ్ళ పని దాన్ని అదుపులో పెట్టడం. మీరు అది మానేశారు కాబట్టే పరగడుపున అంకె పెరిగింది."

"మరి పచ్చది?"

"దాని పని వేరు. అది క్లోమగ్రంథిని తరిమి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అని అది అడగదు. తింటే ఆ ఇన్సులిన్ తిండి మీద పనిచేస్తుంది. తినకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెరనీ ఊడ్చేస్తుంది. మెదడు బతికేది ఆ చక్కెర మీదే. పైన కుళాయి కారుతుంటే అది కట్టకుండా, కింద తొట్టి అడుగున చిల్లు పెట్టుకున్నారు మీరు."

అతను తన చేతులకేసి చూసుకున్నాడు. "అంటే ఆ పచ్చ బిళ్ళ, కింద గొంతు ఆగినా చెయ్యి ఆపని ఆపరేటరు అన్నమాట."

డాక్టరమ్మకి ఆ సంగతి అర్థమయ్యేలా విడమరిచి చెప్పాల్సి వచ్చింది. విన్నాక ఆమె "ఇన్నేళ్ళుగా నేను ఇంత బాగా ఎవరికీ చెప్పలేకపోయాను" అంది. పచ్చ బిళ్ళ మాన్పించింది. దాని బదులు ఇంకోటి రాసింది. అది తిండి కడుపులోకి వచ్చినప్పుడే ఇన్సులిన్ పెంచుతుందట, తిండి లేకపోతే దాదాపు ఊరుకుంటుందట. "మీ భాషలో చెప్పాలంటే, ఇది కింది గొంతు వినే మనిషి." తెల్లది మానడానికి ఒప్పుకోలేదుగాని, మెల్లమెల్లగా కరిగే రకం రాసి, చిన్న మోతాదుతో రాత్రి భోజనంతో మొదలుపెట్టమంది. "కడుపు గడబిడ చేస్తే నాకు ఫోన్ చెయ్యండి. స్పానర్లకి చెప్పకండి."

క్రేన్ సంగతి కూడా ఆమే తేల్చింది. ఆరు వారాలు నేల మీద, తర్వాత పరీక్ష. ఎక్కడం ఎక్కకపోవడం అప్పటి అంకెలే చెబుతాయి. సైటు మేనేజరు ఆ కాగితం చదివి, పరీక్ష వాయిదా వేసి, అతన్ని గోడౌను స్టూలు మీద కాకుండా సిగ్నల్ పనిలో పెట్టాడు. వాగుడుకాయ కింద అసిస్టెంటుగా. దేవుడు భూమ్మీదికి దిగాడని సైటంతా వారం రోజులు నవ్వుకుంది.

మొదటి రోజు ఆమె ఎదుట నిలబడడానికి అతనికి మొహం చెల్లలేదు. "ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నానట కదమ్మా..." అని మొదలుపెట్టాడు.

"అన్నది నువ్వు కాదులే బాబాయ్, నీ బిళ్ళ. మా అమ్మ బిళ్ళ నన్ను ఇంతకంటే ఘోరంగా తిట్టేది. ఇదిగో సెట్టు, పట్టుకో. బొటనవేలు ఇక్కడ."

దించు, దించు అని ఆపకుండా అనడం ఎంత కష్టమో అప్పుడు తెలిసొచ్చింది. పది లోడ్లకే గొంతు బొంగురుపోయింది. పైన రెండో షిఫ్టు ఆపరేటరు "బాబాయ్, నీ గొంతు కప్పలా ఉంది, ఆ అమ్మాయికివ్వు" అనేవాడు. పదింటికి పావుగంట విరామం పెట్టమని ఆమే మేనేజరుతో పోట్లాడి సాధించింది. ఆ విరామంలో పైనున్నవాడు ఒక డబ్బా తెరవాలి, కిందున్నవాళ్ళూ ఒక డబ్బా తెరవాలి. తెల్ల బిళ్ళ కడుపులో కుదురుకుంది. పొద్దుటి అంకె వారం వారం దిగొచ్చింది.

నాలుగో వారంలో అతనికి పన్నెండో అంతస్తు పైకప్పు మీద పని పడింది. లిఫ్టు గోడ వెనక వైపు. సిగ్నల్ మనిషి నిలబడాల్సింది గోడ పక్కన, కర్రల కట్టడం కింద. అక్కణ్ణుంచి సామాను కనపడుతుంది, పైనున్నవాడికి మాత్రం సిగ్నల్ మనిషి కనపడడు. చువ్వల మేస్త్రి పక్కనే బీడీ కాల్చుకుంటున్నాడు. అతనికి ఉన్నట్టుండి ఆ నారింజరంగు బొమ్మ గుర్తొచ్చింది.

"మేస్త్రీ, ఆ రోజు ఆ అమ్మాయి ఇక్కడేగా నిలబడింది?"

"ఇక్కడెందుకు నిలబడింది? మొదట ఇక్కడే ఉంది. నువ్వు మాట తడబడగానే మమ్మల్నందర్నీ మెట్ల మీంచి కిందికి తరిమేసింది. తనేమో అదిగో, అక్కడికి పోయింది." బీడీతో గోడకి అవతల, ఏ అడ్డూ లేని చోటు చూపించాడు.

అతను వెళ్ళి అక్కడ నిలబడ్డాడు. తలెత్తాడు. క్రేన్ కొక్కెం సరిగ్గా నడినెత్తి మీద ఉంది. ఆ రోజు ఆ కొక్కేనికి రెండు టన్నుల చువ్వలు ఊగుతున్నాయి. క్రేన్ మీటలు పట్టుకున్నవాడికి తన చేతులేవో తనకే తెలియదు.

"దిగేముందు నేను రెక్క పట్టుకుని లాగాను" అన్నాడు మేస్త్రి వెనక నుంచి. "చచ్చిపోతావే పిచ్చిదానా అన్నాను. గొంతు వింటున్నాడో లేదో తెలియదు, నేను కనపడకపోతే ఆయన ఎవర్ని చూసి ఆగుతాడు అంది. ఒక చేత్తో సెట్టు నోటి దగ్గర పట్టుకుని, రెండో చెయ్యి బార్లా చాపి కొయ్యలా నిలబడింది."

అతను అక్కడే చువ్వల మోపు మీద కూర్చున్నాడు. ఇరవై ఆరేళ్ళుగా తను పైన ఉన్నాడు, కింద ఉన్నవాళ్ళ ప్రాణాలు తన చేతిలో ఉన్నాయి అనుకున్నాడు. ఆ అమ్మాయి తన ప్రాణాన్ని అతని చేతి కింద పెట్టి, అతని ప్రాణాన్ని, పరువునీ, ఇంకొకరి చావుకి కారణమయ్యానన్న భారం మోసే బతుకు నుంచి అతన్నీ కాపాడింది. నెల రోజులుగా పక్కనే నిలబడి ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. వాగుడుకాయ నోట్లో ఆగిన మాట అదొక్కటే.

భోజనాల వేళ ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమె డబ్బా తెరుచుకుని కూర్చుని ఉంది.

"ఎక్కడ నిలబడ్డావో మేస్త్రి చూపించాడు" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "వాడి నోట్లో నువ్వుగింజ నానదు."

"ఎందుకమ్మా అలా చేశావ్? నేనేమన్నా మీ సొంత బాబాయినా?"

"మా అమ్మకి అలా అయిన ఆఖరిసారి నేను పక్క గదిలో ఉన్నాను బాబాయ్. కేకలేసింది. ఎప్పుడూ వేసే కేకలే కదా అని తలుపేసుకున్నాను." ఆమె మూత పెట్టేసింది. "ఈసారి తలుపేసుకోబుద్ధి కాలేదు. అంతే."

అతను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చెప్పాలనుకున్న పెద్ద మాటలన్నీ ఎటో పోయాయి. "నీకు నేను రుణపడిపోయానమ్మా" అంటూ ఏడ్చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నా ఆపుకోలేదు. ఆమె కూడా కాసేపు ఏడ్చి, "ముందు తిను, ఒంటిగంట దాటింది" అంది. అతను వెంటనే డబ్బా తెరిచాడు.

ఆరో వారం ఆఖర్న పరీక్షలో అంకెలు హద్దు లోపలే వచ్చాయి. డాక్టరమ్మ సంతకం పెట్టింది. ఆ పొద్దున భార్య ఫలహారం రెండు డబ్బాల్లో కట్టింది. ఒకటి ఎక్కే ముందు తన కళ్ళెదుట తినాలి, ఇంకోటి పదింటికి. మొదటిది అయిందాకా చెప్పులు దాచేసింది.

రెండు వందల పది మెట్లు ఎక్కి, అద్దాల గదిలో కూర్చుని, అతను మొట్టమొదట సెట్టు వాల్యూమ్ పూర్తిగా పెంచాడు. జేబులోంచి నల్ల టేపు తీసి, వాల్యూమ్ తిప్పే మర మళ్ళీ తిరక్కుండా దానిమీద నాలుగు చుట్లు బిగించి అతికించాడు. సీటు వెనక చక్కెర డబ్బా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు. కింద, లిఫ్టు గోడ పక్కన, కర్రల కట్టడం కింద, నారింజరంగు చొక్కా ఉండే చోటు అతనికి కనపడదు. కానీ ఇప్పుడు అది ఎక్కడుందో తెలుసు.

"బాబాయ్, వినపడుతోందా?"

"చెవులు చిల్లులు పడేట్టు వినపడుతోంది."

"తిన్నావా?"

సైటంతా ఆ ఛానల్ మీదే ఉంది. మేస్త్రులు, డ్రైవర్లు, మేనేజరు, అందరూ వింటారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న పైవాడు ఇంకొకప్పుడైతే సిగ్గుపడేవాడు.

"తిన్నానమ్మా. బిళ్ళ కూడా వేసుకున్నాను. ఇక మాట్లాడు. ఆపకు."

"దించు" అంది ఆమె. "దించు, దించు, దించు..."